ఎంతసేపటికోసారి టైమ్ అడగాలి?

ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లైనక్స్ రెండూ వేసుకున్నవాళ్లకు మన దేశంలో తరచు ఎదురయ్యే వింత ఒకటుంది. లైనక్స్‌లో పని ముగించుకుని విండోస్ తెరిస్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోయి ఉంటుంది. దాన్ని సరిచేసి మళ్లీ లైనక్స్‌లోకి వస్తే ఇక్కడ అయిదున్నర గంటలు ముందుకు దూకి ఉంటుంది. మెషీన్‌కేమీ జబ్బు లేదు. మదర్‌బోర్డు మీద ఉండే చిన్న గడియారంలోని టైమ్‌ను విండోస్ స్థానిక సమయమని అనుకుంటుంది. లైనక్స్ అదే అంకెను ప్రపంచ ప్రామాణిక సమయం, అంటే యూటీసీ అనుకుని, మన టైమ్ చూపించడానికి అయిదున్నర గంటలు కలుపుతుంది. విండోస్‌కు కూడా యూటీసీ పద్ధతి అలవాటు చేస్తే తగాదా తీరిపోతుంది.

అయితే ఈ చిక్కు వెనక ఒక సంగతి దాగుంది. మనం తెర మీద చూసే టైమ్, మదర్‌బోర్డు మీద నడిచే టైమ్ ఒకటి కాదు. లైనక్స్ కంప్యూటర్ టైమ్‌ను ఆటోమేటిగ్గా సరిచేసుకోవాలంటే ఏం చేయాలి, ఎంతసేపటికోసారి చేయాలి అన్న ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు ఈ రెండు గడియారాల సంగతి తెలియాలి.

రెండు గడియారాలు

మొదటిది హార్డ్‌వేర్ గడియారం. రూపాయి బిళ్లలా ఉండే చిన్న బ్యాటరీ దాన్ని నడిపిస్తుంది కాబట్టి కరెంటు లేకపోయినా అది ఆగదు. రెండోది సిస్టమ్ గడియారం. ఇది లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ తనలో తాను వేసుకునే లెక్క: 1970 జనవరి 1 అర్ధరాత్రి, యూటీసీ ప్రకారం, మొదలుకుని ఇప్పటికి ఎన్ని సెకన్లు గడిచాయన్నదే ఆ లెక్క. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు హార్డ్‌వేర్ గడియారాన్ని ఒకసారి చూసి టైమ్ తీసుకుంటారు. అక్కడి నుంచి కెర్నల్ తన లెక్క తానే నడుపుకుంటుంది. ఫైలు మీద పడే తేదీ, లాగ్‌లో పడే టైమ్, ముందే వేళ పెట్టిన పనులు మొదలయ్యే క్షణం, అన్నీ ఈ రెండో గడియారం చెప్పినవే.

రెండూ క్వార్ట్జ్ స్ఫటికాల మీదే నడుస్తాయి, కానీ వేర్వేరు స్ఫటికాల మీద. హార్డ్‌వేర్ గడియారంలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెను వరసగా 15 సార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి వస్తుంది. అందుకే గడియారాలు చేసేవాళ్లు ఆ అంకెను ఎంచుకున్నారు. ఇలాంటి మామూలు స్ఫటికానికి తయారీలోనే పది లక్షలకు 20 వంతుల దాకా తేడా ఉండవచ్చు. వినడానికి ఇది లెక్కలోకి రానంత చిన్నది. కానీ రోజుకు 86,400 సెకన్లు. ఆ లెక్కన రోజుకు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్లకు పైగా తేడా పడుతుంది.

దీనికి వేడి తోడవుతుంది. ఈ రకం స్ఫటికాలను 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర సరిగ్గా నడిచేలా తయారుచేస్తారు. అంతకన్నా వేడెక్కినా, చల్లబడినా అవి నెమ్మదిస్తాయి. తేడా డిగ్రీల వర్గంతో పెరుగుతుంది. కేబినెట్ లోపల 45 డిగ్రీలుంటే స్ఫటికం పది లక్షలకు సుమారు 14 వంతులు వెనకబడుతుంది, అంటే ఒక్క వేడి వల్లే రోజుకు సెకనుకు పైగా. మే నెలలో ఏసీ లేని గదిలో నడిచే కంప్యూటర్‌కు, ఏసీ డేటా సెంటర్‌లో ఉన్న సర్వర్‌కు గడియారం నడక ఒకేలా ఉండదు.

తెల్లవారుజామున మూడింటికి

టైమ్ తప్పుతుందని తెలిశాక ఎవరికైనా మొదట తట్టే ఉపాయం రోజుకోసారి సరిచేయడం. లైనక్స్ సర్వర్లు చూసుకునేవాళ్లు ఏళ్ల తరబడి అదే చేశారు. నిర్ణీత వేళకు పనులు నడిపించే క్రాన్‌లో ఒక్క వరుస రాసేవారు. వరుస మొదట్లో 0 3 * * * అని ఉంటుంది. మొదటి గడి నిమిషం, రెండోది గంట. మిగతా మూడూ తేదీ, నెల, వారం. నక్షత్రం గుర్తు ఉన్నచోట ఏదైనా సరే అని అర్థం. అంటే ప్రతిరోజూ తెల్లవారుజామున 3 గంటల 0 నిమిషాలకు అని. ఆ తర్వాత ఎన్‌టీపీడేట్ అనే ప్రోగ్రాం పేరు, టైమ్ చెప్పే సర్వర్ పేరు రాస్తే సరిపోయేది. సరిచేసిన టైమ్‌ను హార్డ్‌వేర్ గడియారంలోకి ఎక్కించడానికి కొందరు ఇంకో ఆదేశం జోడించేవారు.

ఇంటర్నెట్ ఎప్పుడో ఒకప్పుడు మాత్రమే దొరికే రోజుల్లో ఆ ఏర్పాటుతో పని జరిగిపోయింది. అందులో లోపాలు రెండు. మొదటిది, అది గడియారం చూపించే అంకెను సరిచేస్తుందే తప్ప గడియారం నడకను సరిచేయదు. మూడింటికి సరిగ్గా ఉన్న గడియారం మూడు దాటగానే మళ్లీ పాత తప్పు నడకే నడుస్తుంది. మర్నాటికి మళ్లీ సెకనున్నర తేడా, మళ్లీ దిద్దుబాటు. పదేళ్లు నడిపినా ఆ యంత్రం తన గురించి కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు.

రెండో లోపం ఇంకా పెద్దది. తేడా అర సెకను దాటితే ఎన్‌టీపీడేట్ గడియారాన్ని ఒక్క దూకులో మారుస్తుంది. గడియారం వెనకబడి ఉంటే ముందుకు దూకుతుంది. ముందుంటే మాత్రం వెనక్కి దూకుతుంది, చిక్కంతా అక్కడే. ఒక దుకాణం సర్వర్ రెండు సెకన్లు ముందు నడుస్తోందనుకుందాం. 3 గంటల 0 నిమిషాల 1 సెకనుకు ఆర్డర్ వచ్చిందని లాగ్‌లో ఒక వరుస పడింది. ఆ వెంటనే గడియారం రెండు సెకన్లు వెనక్కి వచ్చింది. తర్వాతి వరుస: 3 గంటల 0 నిమిషాల 0 సెకన్లకు ఆ ఆర్డర్‌కు డబ్బు అందింది. రికార్డు ప్రకారం ఆర్డర్ కంటే ముందే డబ్బు వచ్చేసింది! తర్వాత ఏదైనా తగాదా వచ్చి ఆ లాగ్ తిరగేసే మనిషికి ఏది నమ్మాలో తెలియదు.

ప్రోగ్రాంలకూ ఇదే అయోమయం. మేక్ అనే పనిముట్టు ఫైళ్ల తేదీలను పోల్చి, ఏది కొత్తగా తయారుచేయాలో తేల్చుకుంటుంది. భవిష్యత్తు తేదీ వేసుకున్న ఫైలు కనబడితే అది గడియారం తేడాగా ఉందని హెచ్చరిస్తుంది. ఒక పనికి ఎంత సేపు పట్టిందో కొలిచే ప్రోగ్రాం సిస్టమ్ గడియారాన్ని నమ్ముకుంటే జవాబు మైనస్‌లో రావచ్చు. అందుకే లైనక్స్ కెర్నల్ ఎన్నడూ వెనక్కి నడవని ఇంకో లెక్కను విడిగా ఉంచుతుంది. వ్యవధి కొలవాల్సిన ప్రోగ్రాంలు దాన్నే వాడాలి.

నాలుగు ముద్రల లెక్క

ఇంతకీ దూరాన ఉన్న సర్వర్‌ను టైమ్ అడిగితే, జవాబు చేరేలోగా ఆ టైమ్ పాతబడిపోదా? పాతబడుతుంది. ఎంత పాతబడిందో లెక్కగట్టే పద్ధతిని ఇంటర్నెట్‌లో స్థిరపరచినవారు డేవిడ్ మిల్స్. ఆయన రూపొందించిన నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, క్లుప్తంగా ఎన్‌టీపీ, 1985లో ప్రమాణపత్రంగా వెలువడింది. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ ఆయన దశాబ్దాల పాటు దానికి మెరుగులు దిద్దారు. నాలుగో కూర్పు ప్రమాణపత్రం 2010లో వచ్చింది. ఆయన 2024 జనవరిలో కన్నుమూశారు.

పద్ధతి కాగితం మీద వేసి చూడగలిగినంత సులువు. ఒక ప్రశ్న, ఒక జవాబు, నాలుగు టైమ్ ముద్రలు. మన కంప్యూటర్ పది గంటలకు, తన గడియారం ప్రకారం, ప్రశ్న పంపింది. సర్వర్‌కు అది అందినప్పుడు సర్వర్ గడియారంలో పది దాటి 350 మిల్లీసెకన్లు. జవాబు బయల్దేరినప్పుడు 351. ఆ జవాబు మన చేతికి వచ్చినప్పుడు మన గడియారంలో 101. మన లెక్క ప్రకారం మొత్తం 101 మిల్లీసెకన్లు గడిచాయి. అందులో సర్వర్ దగ్గర ఆగింది 1 మిల్లీసెకను. కాబట్టి రానుపోను ప్రయాణం 100. వెళ్లడానికి, రావడానికి చెరిసగం పట్టిందనుకుంటే ఒక్కో వైపు 50. మనం పంపాక 50 మిల్లీసెకన్లకు అక్కడ 350 అయిందంటే, మన గడియారం 300 మిల్లీసెకన్లు వెనకబడి ఉంది.

ఈ లెక్కలో ఒకే ఒక్క ఊహ ఉంది: చెరిసగం అన్నది. వెళ్లడానికి 80, రావడానికి 20 పట్టి ఉంటే అసలు తేడా 270 మాత్రమే. అప్పుడు మన లెక్క 30 మిల్లీసెకన్లు తప్పు. ఆ తప్పును ఈ నాలుగు ముద్రలతో పట్టుకోలేం. కానీ అది మొత్తం ప్రయాణంలో సగానికి, ఇక్కడ 50 మిల్లీసెకన్లకు, మించదు. అందుకే దగ్గర్లోని సర్వర్‌ను అడగమంటారు. అందుకే ఒక్కరిని కాకుండా నలుగురిని అడగమంటారు. ఇద్దరినే అడిగితే, ఇద్దరి మాటా కలవనప్పుడు ఎవరు నిజమో తేలదు. ముగ్గురో నలుగురో ఉంటే తప్పు చెప్పేవాడు ఒంటరిగా దొరికిపోతాడు.

నడక పట్టుకోవడం

ఎన్‌టీపీలోని అసలు తెలివి ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఒక్కసారి అడిగితే తేడా ఎంతో తెలుస్తుంది. విడతలు విడతలుగా అడిగితే ఆ తేడా ఎంత వేగంగా పెరుగుతోందో తెలుస్తుంది. గంట కిందట 10 మిల్లీసెకన్లు, ఇప్పుడు 46 మిల్లీసెకన్లు వెనకబడితే, ఈ గడియారం గంటకు 36 మిల్లీసెకన్లు, అంటే పది లక్షలకు 10 వంతులు నెమ్మది. ఆ సంగతి తెలిశాక కెర్నల్‌కు ఒకే మాట చెబితే చాలు: నీ సెకన్లను పది లక్షలకు 10 వంతులు వేగం చెయ్యి. ఇక సర్వర్ అందుబాటులో లేకపోయినా ఆ గడియారం దాదాపు సరిగ్గానే నడుస్తుంది. ఈ అంకెను డ్రిఫ్ట్ ఫైలు అనే చిన్న ఫైల్లో దాచి ఉంచుతారు. కంప్యూటర్ మళ్లీ ఆన్ అయినప్పుడు నేర్చుకున్నది అక్కడి నుంచే అందుకుంటుంది.

మిగిలిన తేడాను కూడా దూకించకుండా మెల్లగా కలుపుతారు. సంప్రదాయ పద్ధతిలో గడియారం వేగాన్ని పది లక్షలకు 500 వంతులకు మించి మార్చరు. ఆ లెక్కన ఒక్క సెకను తేడా సర్దుకోవడానికి 2,000 సెకన్లు, అంటే అరగంటకు పైగా పడుతుంది. ఆ అరగంటలో ప్రతి సెకనూ ఒక పిసరు పొడవో పొట్టో అవుతుంది కానీ ఏ సెకనూ రెండుసార్లు రాదు, ఏదీ గల్లంతు కాదు. ఇందాకటి ఆర్డర్, డబ్బు తమ వరసలోనే ఉంటాయి.

ఇంకో మేలూ ఉంది. ఇలా నిరంతరం టైమ్ సరిచూసుకుంటున్నంతకాలం కెర్నల్ ప్రతి 11 నిమిషాలకోసారి తన టైమ్‌ను హార్డ్‌వేర్ గడియారంలోకి తానే ఎక్కిస్తుంది. దానికి విడిగా ఆదేశం అక్కర్లేదు.

మరీ తరచుగా అడిగితే?

అలాంటప్పుడు ప్రతి సెకనుకూ అడిగితే గడియారం ఇంకా కచ్చితంగా ఉండదా? ఉండదు. ఒక్కో జవాబులో నెట్‌వర్క్ తెచ్చిపెట్టే కుదుపు కొంత ఉంటుంది. మరీ దగ్గర దగ్గరగా అడిగితే మనం కొలిచేది గడియారం తేడాను కాదు, నెట్‌వర్క్ కుదుపును. మరీ ఎడంగా అడిగితే ఈలోగా వేడికో చలికో స్ఫటికం నడకే మారిపోతుంది. ఈ రెండు తప్పులూ సమానమయ్యే చోటు ఒకటుంటుంది. గడియారాల నిలకడను కొలిచే పద్ధతిని 1960ల్లో రూపొందించిన డేవిడ్ ఆలన్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. మామూలు కంప్యూటర్లకు, మామూలు ఇంటర్నెట్‌కు అది చాలావరకు వేయి, రెండు వేల సెకన్ల ప్రాంతంలో పడుతుంది.

ఎన్‌టీపీ ప్రోగ్రాంల అలవాటు ఆ లెక్కకు తగ్గట్టే ఉంటుంది. మొదట్లో 64 సెకన్లకోసారి అడుగుతాయి. గడియారం కుదురుకుంటున్న కొద్దీ ఆ ఎడాన్ని రెట్టింపు చేసుకుంటూ పోతాయి: 128, 256, 512, చివరకు 1,024 సెకన్లు, అంటే 17 నిమిషాలు. ఏదైనా తేడా కనబడితే మళ్లీ దగ్గరవుతాయి. క్రాన్‌లో రాసే స్థిరమైన వేళకు, దీనికి ఉన్న తేడా ఇదే. ఇక్కడ వేళను నిర్ణయించేది ఆ గడియారం ప్రవర్తనే.

ఈ మర్యాద తప్పితే ఏమవుతుందో 2003లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం చూసింది. ఆ ఏడాది మే నెలలో మాడిసన్ క్యాంపస్‌లోని టైమ్ సర్వర్ మీద ప్రశ్నలు వరదలా విరుచుకుపడ్డాయి. ముందు ఎవరో దాడి చేస్తున్నారనుకున్నారు. ఆరా తీస్తే, ఇళ్లలో వాడుకునే చవక నెట్‌గేర్ రౌటర్లలో ఆ సర్వర్ చిరునామాను తయారీలోనే రాసిపెట్టేశారని తేలింది. ఆ రౌటర్ల సంఖ్య 7 లక్షలకు పైమాటే. జవాబు రాకపోతే అవి ప్రతి సెకనుకూ మళ్లీ మళ్లీ అడుగుతాయి. కాబట్టి విశ్వవిద్యాలయం ఆ ప్రశ్నలను అడ్డుకున్న కొద్దీ అవి పెరిగాయే తప్ప తగ్గలేదు. జూన్‌కల్లా సెకనుకు రెండున్నర లక్షల ప్యాకెట్లు వచ్చిపడ్డాయి. ఏ రౌటర్ ఉద్దేశమూ చెడ్డది కాదు. ప్రతిదీ పాపం టైమ్ మాత్రమే అడుగుతోంది.

తర్వాత 2006లో వచ్చిన ప్రమాణపత్రం ఏ పరిస్థితిలోనూ 15 సెకన్లకంటే తక్కువ ఎడంతో అడగకూడదని, జవాబు రానప్పుడు ఎడాన్ని పెంచుకుంటూ పోవాలని స్పష్టంగా చెప్పింది. తరచు విసిగించే కంప్యూటర్‌కు, కాస్త తగ్గించమని సర్వర్ చెప్పగలిగే సంకేతం కూడా ఎన్‌టీపీలో ఉంది.

వేళ విషయంలో ఇంకో పొరపాటు దీనికి తోబుట్టువు. క్రాన్‌లో అందరూ 0వ నిమిషమే రాస్తారు. తత్కాల్ టికెట్ల కోసం పది కొట్టగానే అందరూ ఒక్కసారిగా రైల్వే సైట్ మీద పడ్డట్టు, గంట కొట్టగానే వేల కంప్యూటర్లు ఒకే సర్వర్ మీద పడతాయి. రోజుకోసారే అడిగినా, అందరూ ఒకే క్షణంలో అడిగితే ఆ క్షణం మోయలేనిది అవుతుంది.

ఇవాళ ఏం పెట్టుకోవాలి

మామూలు డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ అయితే చాలా లైనక్స్ పంపిణీల్లో ఈ పని ముందే కుదిర్చి ఉంటుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆదేశం ఇచ్చి చూడండి. సిస్టమ్ గడియారం సమన్వయంలో ఉందా, ఎన్‌టీపీ సేవ నడుస్తోందా అన్న రెండు వరుసలు అందులో కనిపిస్తాయి. సేవ ఆగి ఉంటే ఎన్‌టీపీని ఆన్ చేయమని అదే ఆదేశంతో చెప్పవచ్చు. చాలాచోట్ల వెనక పనిచేసేది లైనక్స్‌లో సేవలను నడిపించే సిస్టమ్‌డీలో భాగమైన టైమ్‌సింక్‌డీ. ఇది తేలికపాటి ప్రోగ్రాం. ఒకసారికి ఒక్క సర్వర్‌నే, 32 నుంచి 2,048 సెకన్ల ఎడంతో అడుగుతుంది.

సర్వర్లకు, తరచు నెట్ పోయి వచ్చే మెషీన్లకు క్రోనీ అనే ప్రోగ్రాం మంచిది. అది పలు సర్వర్లను పోల్చి చూస్తుంది, గడియారం నడకను త్వరగా పట్టుకుంటుంది. సాధారణంగా కనిపించే అమరికలో, ఆన్ అయిన కొత్తలో వచ్చే మొదటి మూడు దిద్దుబాట్లలో మాత్రమే, అదీ తేడా సెకను దాటితేనే, గడియారాన్ని దూకించే అనుమతి దానికి ఉంటుంది. ఇంకా ఏ ప్రోగ్రాంలూ పూర్తిగా మొదలుకాని ఆ వేళ దూకినా నష్టం తక్కువ. ఆ తర్వాత అన్నీ మెల్లని సర్దుబాట్లే. క్రోనీని ట్రాకింగ్ వివరాలు అడిగితే ఫ్రీక్వెన్సీ అనే వరుసలో మీ గడియారం పది లక్షలకు ఎన్ని వంతులు వేగమో, నెమ్మదో చెబుతుంది. ఎండాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి ఆ అంకె చూస్తే స్ఫటికం మీద వేడి ప్రభావం మీ కళ్లకే కనబడుతుంది.

రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుల్లో నాలుగో తరం దాకా హార్డ్‌వేర్ గడియారమే లేదు. కరెంటు తీసేస్తే టైమ్ మరిచిపోతాయి. తేదీ బాగా పాతదైతే సురక్షిత వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు ఇంకా అమల్లోకి రానట్టు కనబడి, కనెక్షన్ కుదరదు. అందుకే అలాంటి బోర్డుల్లో ఆఖరిసారి తెలిసిన టైమ్‌ను డిస్క్‌లో రాసిపెట్టి, మళ్లీ ఆన్ అయినప్పుడు అక్కడి నుంచి మొదలుపెడతారు. నెట్ దొరకగానే అసలు టైమ్ అందుతుంది.

ఎప్పుడో ఒకసారి మాత్రమే టైమ్ సరిచూడాల్సిన ప్రత్యేక అవసరం నిజంగా ఉంటే, వేళ పెట్టడానికి సిస్టమ్‌డీ టైమర్ వాడండి. నిర్ణీత వేళకు కొంత యాదృచ్ఛిక ఆలస్యం కలిపే సదుపాయం అందులో ఉంది. ఆ వేళకు మెషీన్ ఆఫ్‌లో ఉంటే, తర్వాత ఆన్ అయినప్పుడు ఆ పని చేయించే ఏర్పాటూ ఉంది. క్రానే వాడాల్సివస్తే కనీసం 0వ నిమిషాన్ని వదిలి 17, 43 లాంటి నిమిషం ఏదైనా రాయండి.

ఎవరిని అడగాలి

మన దేశ ప్రామాణిక సమయాన్ని న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సీజియం గడియారాలతో నిర్వహిస్తుంది. 2022 ఏప్రిల్ 28న సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ గడియారాలను ఈ ప్రయోగశాల లేదా జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) టైమ్ సర్వర్లతో, లేకపోతే వాటితో ముడిపడిన సర్వర్లతో కలుపుకోవాలి. సైబర్ దాడి జరిగితే పది చోట్ల లాగ్‌లను పక్కపక్కన పెట్టి ఏది ముందు, ఏది వెనక అని తేల్చాలి. ఆ లాగ్‌లలో టైమ్‌లు కలవకపోతే దర్యాప్తు అక్కడే ఆగిపోతుంది.

వ్యక్తులకు, చిన్న సంస్థలకు 2003 జనవరిలో మొదలైన ఎన్‌టీపీ పూల్ ఉంది. ప్రపంచమంతటా స్వచ్ఛందంగా నడిపే సర్వర్ల సమూహం అది. మన దేశానికీ అందులో ఒక విభాగం ఉంది. ఆ సర్వర్లు నడిపేవాళ్లు డబ్బు అడగరు. అడిగే వేళలో మర్యాద పాటించడమే మనం తీర్చుకోగల బాకీ.

ఈ మాట ముఖ్యంగా పరికరాలకు సాఫ్ట్‌వేర్ రాసే ఇంజనీర్లకు చెప్పాలి. హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో ఆ పని చేసే తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. ఒక పరికరం పది లక్షల ఇళ్లకు చేరిందనుకోండి. ప్రతిదీ 64 సెకన్లకోసారి అడిగితే సర్వర్ల మీద సెకనుకు 15,625 ప్రశ్నలు పడతాయి. 1,024 సెకన్లకోసారి అడిగితే వెయ్యి లోపే. అందరూ అర్ధరాత్రి 0వ సెకనుకు అడిగేలా రాస్తే పది లక్షలూ ఒక్కసారే పడతాయి. గడియారాల కచ్చితత్వంలో ఇంట్లోవాళ్లకు ఏ తేడా తెలియదు. తేడా అంతా అవతల ఉచితంగా జవాబు చెప్పేవాడి మీదే పడుతుంది. కోడ్‌లో ఆ ఒక్క అంకె రాసేముందు దాన్ని పది లక్షలతో హెచ్చవేసి చూసుకోవడం ఆ పని చేసేవాళ్లందరి బాధ్యత.